చిటికెన వేలి తిమ్మిరికి కారణం సీటు వంపు: ఒక సైక్లిస్టు కేస్ స్టడీ

రోగి వయసు 46. విశాఖపట్నంలో మెడికల్ షాపు నడుపుతారు. కుడిచేతి వాటం, బరువు 84 కిలోలు, ఐదేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. షుగర్ బయటపడ్డాక డాక్టర్ నడవమన్నారు, మోకాలు సహకరించక సైకిల్ ఎక్కారు. మామూలు రోజుల్లో ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా, ఆదివారాలు భీమిలి దాకా, అప్పుడప్పుడు సింహాచలం ఘాట్. మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వచ్చినప్పుడు సైకిల్ మాట ఎత్తలేదు. "మేడమ్, ట్యాబ్లెట్ స్ట్రిప్ కట్ చేద్దామంటే కత్తెర చేతిలో నిలవట్లేదు. షాపు తాళం తిప్పాలంటే రెండో చెయ్యి సాయం పెట్టాల్సి వస్తోంది" అన్నారు.

ఆయన అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. రాయడానికి కారణం ఒకటే. సైకిల్ తొక్కేవాళ్లలో చాలామంది చేతి తిమ్మిరిని సహజమనుకుని వదిలేస్తున్నారు. తిమ్మిరి తగ్గగానే జబ్బు తగ్గిందనుకుంటున్నారు. ఈ కేసులో తిమ్మిరి తగ్గుతున్న రోజుల్లోనే చేతి కండరాలు బలం కోల్పోయాయి.

ఎలా మొదలైంది

రెండు నెలల ముందు ఆయన మొదటిసారి 200 కి.మీ. బీఆర్‌ఎం (పోటీ కాకుండా, గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడు) చేశారు. జాతీయ రహదారి 16 మీద శ్రీకాకుళం వైపు వెళ్లి తిరిగి రావడం. 200 కి.మీ.కి గడువు 13 గంటల 30 నిమిషాలు, ఆయన గడువులోపే ముగించారు. సగం దూరం దాటాక రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కాయి. విదిలిస్తే కాసేపు తగ్గేది, మళ్లీ వచ్చేది. చివరి గంటల్లో గేరు లివర్ నొక్కడానికి బొటనవేలి బలం చాలక అరచేత్తో తోశారట. ఎడమ చెయ్యి మూడు రోజుల్లో మామూలైంది. కుడిచేతి తిమ్మిరి మెల్లగా తగ్గుతూ వచ్చింది కానీ పట్టు పోయింది. ఆయన మాత్రం తిమ్మిరి తగ్గుతోంది కదా అన్న ధైర్యంతో సైకిల్ ఆపలేదు.

వివరంగా అడిగితే మరికొన్ని విషయాలు బయటికొచ్చాయి. అన్నం కలిపేటప్పుడు కుడి చిటికెన వేలు మిగతా వేళ్లతో కలవకుండా పక్కకి ఉండిపోతోంది. ప్యాంటు జేబులో చెయ్యి పెడుతుంటే ఆ వేలే అంచుకి తగులుతోంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఎక్కువసేపు పడుతోంది. ఇవేవీ ఆయన తనంతట తాను చెప్పినవి కావు. నొప్పి లేకపోవడంతో చెప్పాల్సిన సంగతులు అనుకోలేదు. చేత్తో తినే మనలాంటి వాళ్లకి అన్నం కలపడం మంచి పరీక్ష. అందుకే చేతి సమస్యతో ఎవరొచ్చినా నేను తిండి గురించి తప్పకుండా అడుగుతాను.

అంతకుముందు ఒక చోట చూపించుకుంటే మెడ ఎక్స్‌రే తీసి, ఐదు ఆరు పూసల మధ్య అరుగుదల ఉందని మెడపట్టీ, నరాల మాత్రలు ఇచ్చారు. నలభై అయిదు దాటినవాళ్ల మెడ ఎక్స్‌రేలో అరుగుదల కనిపించడం మామూలే, ఏ బాధా లేనివాళ్లలోనూ ఉంటుంది. పైగా ఆ రెండు పూసల మధ్య నరం నొక్కుకుంటే తిమ్మిరి బొటనవేలి వైపు రావాలి. చిటికెన వేలి వైపు వచ్చే నరం మెడలో ఇంకా కిందనుంచి బయల్దేరుతుంది. ఎక్స్‌రేలో కనిపించిన మార్పుకీ, ఆయన వేళ్లలో ఉన్న బాధకీ పొంతన లేదు.

ఆయన సొంతంగా చేసుకున్న వైద్యం కూడా ఉంది. మందమైన జెల్ గ్లవ్స్ కొన్నారు. హ్యాండిల్ గ్రిప్పుల మీద స్పాంజి తొడిగించారు. రెండూ కలిసేసరికి గ్రిప్పు లావైపోయి, పట్టుకోవడానికి ఇంకా గట్టిగా బిగించాల్సి వచ్చింది.

పరీక్షలో తేలినవి

కుడి అరచేతి వైపు చిటికెన వేలు మొత్తం, ఉంగరం వేలిలో చిటికెన వేలి వైపు సగం స్పర్శ తగ్గి ఉంది. చేతి వెనక వైపు అదే భాగంలో స్పర్శ పూర్తిగా మామూలుగా ఉంది. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా విలువైన ఆధారం ఇదే. చిటికెన వేలికి వచ్చే అల్నార్ నరం మణికట్టుకి చేరకముందే, ముంజేతిలోనే, చేతి వెనక చర్మానికి ఒక కొమ్మ ఇచ్చేస్తుంది. నరం మోచేయి దగ్గర నొక్కుకుంటే చేతి వెనక కూడా మొద్దుబారుతుంది. ముందు వైపు మాత్రమే మొద్దుబారిందంటే ఇబ్బంది ఆ కొమ్మ చీలాక, అంటే మణికట్టు దగ్గరో అరచేతిలోనో ఉన్నట్టు. దీనికి ఏ మిషనూ అక్కర్లేదు, చిన్న దూది ముక్క చాలు.

తర్వాత కండరాలు. బొటనవేలికీ చూపుడు వేలి పక్కకీ మధ్య కాగితం పెట్టి లాగితే, మామూలుగా బొటనవేలు నిటారుగా ఉండి కాగితాన్ని నొక్కి పట్టుకుంటుంది. ఆయన కుడి బొటనవేలు చివరి కణుపు దగ్గర వంగిపోయింది. అల్నార్ నరం నడిపే కండరం బలహీనపడితే వేరే నరం నడిపే కండరం ఆ పని నెత్తిన వేసుకుంటుంది, అందుకే వేలు వంగుతుంది. ఫ్రెంచ్ న్యూరాలజిస్టు జూల్స్ ఫ్రోమెంట్ 1915లో వర్ణించిన గుర్తు ఇది. వేళ్లు విప్పి పట్టుకోమంటే చిటికెన వేలు, చూపుడు వేలు రెండూ నా వేలి ఒత్తిడికి తేలిగ్గా లొంగిపోయాయి. తాళం తిప్పే పట్టు కొలిస్తే ఎడమ చేతిలో 9.5 కిలోలు, కుడిచేతిలో 5.5. కుడిచేతి వాటం మనిషికి ఇది పెద్ద లోటు.

మోచేయి మడిచి ఉంచితే లక్షణాలు పెరగలేదు. మెడ తిప్పి నొక్కినా చేతిలోకి ఏమీ పాకలేదు. అరచేతి అడుగున చిటికెన వేలి వైపు ఉండే మెత్తటి దిండు దగ్గర వేలితో తడితే మాత్రం చిటికెన వేలిలోకి జివ్వున పాకింది. చేతికి రక్తం తెచ్చే రెండు ధమనులూ బాగానే ఉన్నాయి. అదీ చూడాలి, ఎందుకంటే అదే చోట నరం పక్కనే ధమని కూడా వెళుతుంది. వేళ్లు తెల్లబడినా, చల్లబడినా కథ వేరే ఉంటుంది.

అక్కడి నుంచి న్యూరాలజిస్టుకి పంపాను. నరాల వేగం పరీక్షలో కుడి అల్నార్ నరం మోచేయి దగ్గర మామూలుగా ఉంది, మణికట్టు దాటాక అరచేతి లోపలి కండరాలకి వెళ్లే దారిలో సంకేతం ఆలస్యమవుతోంది. నరం లోపల సంకేతాన్ని మోసే తీగ పూర్తిగా దెబ్బతిన్న సూచనలు లేవు. అల్ట్రాసౌండులో నీటిబుడగ లాంటి గ్యాంగ్లియన్ లేదు. ఎక్స్‌రేలో చేతి ఎముకలు విరగలేదు. గ్యాంగ్లియన్‌ని వెతకడం అవసరం, ఈ చోట నరం నొక్కుకోవడానికి సైకిల్‌తో సంబంధం లేని కారణాల్లో అది ముఖ్యమైనది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 7.2 వచ్చింది, బీ12 కనీస స్థాయి దగ్గర ఉంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు. ఆయన ఫిజీషియన్ దానికి మందు మొదలుపెట్టారు. షుగర్ ఉన్నవాళ్ల నరాలు ఒత్తిడికి త్వరగా లొంగుతాయి. తోటి సైక్లిస్టు మూడు రోజుల్లో తేరుకునే దెబ్బ ఈయనకి రెండు నెలలు ఉండిపోవడంలో షుగర్ పాత్ర ఉందనే నా అభిప్రాయం.

ఆ చిన్న సందు గురించి

అరచేతి మొదట్లో, చిటికెన వేలి వైపు, నొక్కితే బఠాణీ గింజంత ఎముక తగులుతుంది. దానికి కొంచెం ముందు, బొటనవేలి వైపుగా లోపల, కొక్కెంలాంటి ఇంకో ఎముక ఉంటుంది. ఈ రెండిటి మధ్య ఉన్న సందులోంచి అల్నార్ నరం చేతిలోకి వస్తుంది. ఫ్రెంచ్ సర్జన్ ఫెలిక్స్ గుయోన్ 1861లో దీన్ని వర్ణించాడు కాబట్టి ఆయన పేరుతోనే గుయోన్ కెనాల్ అంటారు. చేతిలో మిగతా నరాల మీద ఉన్నంత కండ, కొవ్వు ఇక్కడ రక్షణగా లేవు. హ్యాండిల్ మీద మనం బరువు మోపేది సరిగ్గా ఈ చోటే.

ఆ సందులోనే నరం రెండుగా చీలుతుంది. పైకొమ్మ చర్మానికి స్పర్శ ఇస్తుంది. లోతుకొమ్మ కండరాలని నడుపుతుంది, దానికి చర్మంతో సంబంధమే లేదు. చీలకముందు నొక్కుకుంటే తిమ్మిరీ వస్తుంది, బలమూ తగ్గుతుంది. పైకొమ్మ ఒక్కటే నొక్కుకుంటే తిమ్మిరి మాత్రమే. లోతుకొమ్మ ఒక్కటే నొక్కుకుంటే మాత్రం వేలు మొద్దుబారదు, నొప్పి ఉండదు, చేతి బలం మాత్రం జారిపోతుంది. నన్ను టెన్షన్ పెట్టేది ఈ మూడో రకం. నొప్పితో వచ్చేవాళ్లు త్వరగా వస్తారు. నొప్పి లేకుండా పట్టు పోయినవాళ్లు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ గుంట పడేదాకా రారు.

ఇది అరుదని అనుకోవద్దు. 2003లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో నాలుగు రోజుల్లో 600 కి.మీ. తొక్కిన 25 మందిని ముందూ తర్వాతా పరీక్షిస్తే, 23 మందికి చేతుల్లో తిమ్మిరో బలహీనతో రెండూనో కనిపించాయి. వాళ్లలో అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు.

సైకిల్‌ని పరీక్షించడం

చేతి తిమ్మిరితో వచ్చే సైక్లిస్టుని సైకిల్ తెమ్మంటాను. మనిషిని ఒక్కడినే చూసి ఈ సమస్య తేల్చడం కుదరదు. ఆయనది అల్యూమినియం ఫ్రేము, తిన్నటి హ్యాండిల్, సస్పెన్షన్ లేని ఫోర్కు ఉన్న హైబ్రిడ్. టైర్లు 35 మి.మీ. స్టాండు మీద నిలిపి, ఆయన్ని ఎక్కించి, వార్మప్ అయ్యేదాకా తొక్కించాను.

మొదట కనిపించింది సీటు. ముక్కు కిందికి వాలి ఉంది. ఫోనులో లెవెల్ యాప్ పెట్టి చూస్తే 7 డిగ్రీలు. సీటు కింది పట్టాల మీద చివరిదాకా ముందుకి జరిపి ఉంది. ఎందుకలా పెట్టారని అడిగాను. కాసేపు తటపటాయించి చెప్పారు. కొన్న కొత్తలో సీటు గట్టిగా ఉందని మెత్తటి వెడల్పు జెల్ సీటు వేయించారు. గంట దాటితే కాళ్ల మధ్య మొద్దుబారేది. ఆ విషయం ఎవరికీ చెప్పుకోలేక, తనే సీటు ముక్కు కిందికి దించుకున్నారు. అక్కడి బాధ తగ్గింది. చేతులు అందడం లేదని షాపులో సీటు ముందుకి జరిపారు. ఆ తర్వాత కొన్నాళ్లకే చేతుల తిమ్మిరి మొదలైందని అప్పుడు గుర్తు చేసుకున్నారు.

అసలు కారణం ఇదే. ముందుకి వాలిన బల్ల మీద కూర్చుంటే జారిపోకుండా చేతులు అడ్డం పెట్టుకుంటాం కదా, ఆయన ప్రతి రైడులో గంటల తరబడి చేసింది అదే. మెత్తటి సీటులో కూర్చునే ఎముకలు దిగబడిపోతాయి, మధ్యలో ఉన్న స్పాంజి పైకి ఉబ్బి కాళ్ల మధ్య నొక్కుతుంది. ఆ బాధ తప్పించుకోవడానికి సీటు వంచితే బరువు చేతుల మీదికి వెళ్లింది. చేతుల కోసం గ్లవ్స్ కొంటే గ్రిప్పు లావైంది. ఒక్కో సర్దుబాటూ ఒక బాధని ఇంకో చోటికి తోసింది.

సీటు ముందూ వెనకా జరపడం గురించి కొంచెం వివరించాలి, ఎక్కువమందికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. చేతుల మీద భారం ఎక్కువైతే సీటు ముందుకి జరిపి హ్యాండిల్ దగ్గరికి తెచ్చుకోవాలనిపిస్తుంది. నిజానికి పిరుదులు పెడల్స్‌కి ఎంత వెనకగా ఉంటే ఒళ్లు ముందుకి వంచినా అంత బ్యాలెన్సుగా ఉంటుంది. మీరు ఇప్పుడే లేచి నిలబడి, కాళ్లు కదపకుండా నడుము వంచి చూడండి. పిరుదులు వాటంతట అవే వెనక్కి వెళ్తాయి. వెళ్లనీయకుండా గోడకి ఆనించి వంగితే ముందుకి పడిపోతారు. సైకిల్ మీద సీటు ముందుకి జరిపితే జరిగేదీ ఇదే, పడిపోకుండా ఆపేది చేతులు.

దీన్ని తేల్చడానికి స్టాండు మీద మామూలు వేగంతో తొక్కిస్తూ, ఒళ్లు కదపకుండా చేతులు మాత్రం హ్యాండిల్ నుంచి ఒక అంగుళం పైకి ఎత్తమంటాను. కొన్ని క్షణాలు నిలబడగలిగితే బరువు సరిగ్గా పంచబడినట్టు. ఆయన చేతులు ఎత్తగానే ముందుకి తూలారు.

ఆయన చెప్పిన ఇంకో ముక్క కూడా దీనితో అతికింది. సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు చేతులకి ఏమీ కాదు, భీమిలి రోడ్డులో గాలి వెనకనుంచి వీస్తూ హాయిగా సాగేటప్పుడే తిమ్మిరి ఎక్కువ. పెడల్ గట్టిగా తొక్కేటప్పుడు కాళ్లే ఒంటిని పైకి నెడతాయి. తేలిగ్గా తొక్కేటప్పుడు, తొక్కకుండా దిగువకి జారేటప్పుడు ఆ ఆసరా పోయి బరువంతా చేతుల మీదికి వస్తుంది.

మిగతావి చిన్నవి. బ్రేకు లివర్లు నేలకి సమాంతరంగా ఉన్నాయి, వాటి మీద వేళ్లు పెట్టాలంటే మణికట్టు వెనక్కి వంగుతుంది, ఆ వంపులో నరం సాగి ఎముకల మీద ఇంకా నొక్కుకుంటుంది. టైర్లలో గాలి 85 పీఎస్‌ఐ, టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠం. ఎక్కువ గాలి కొడితే తేలిగ్గా వెళ్తుందని ఆయన నమ్మకం. హైవే మీద రంబుల్ స్ట్రిప్పులు, గరుకు తారు కలిసి ఆ అదురంతా అరచేతుల్లోకి వచ్చింది.

ఏం మార్చాం

మొదటి మార్పు సీటు. అట్ట ముక్క మీద కూర్చోబెట్టి ఎముకల గుర్తుల మధ్య దూరం కొలిస్తే సుమారు 125 మి.మీ. వచ్చింది. దానికి తగ్గట్టు 145 మి.మీ. వెడల్పున్న, మధ్యలో ఖాళీ ఉన్న గట్టి సీటు వేయించాం. గట్టి సీటంటే ఆయన భయపడ్డారు. స్టాండు మీద అరగంట కూర్చున్నాక ఆ భయం పోయింది. కాళ్ల మధ్య ఒత్తిడి లేకపోయేసరికి సీటు వంచాల్సిన అవసరమే లేకుండా పోయింది. సమతలంగా, ముక్కు ఒక్క డిగ్రీ మాత్రం కిందికి ఉంచాం. తర్వాత 2.5 సెం.మీ. వెనక్కి జరిపాం. వెనక్కి జరిగితే పెడల్‌కి దూరం పెరుగుతుంది కాబట్టి సీటు కొద్దిగా దించాం. హ్యాండిల్ కూడా దూరమవుతుంది, దానికి హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే 100 మి.మీ. స్టెమ్ తీసి 80 మి.మీ.ది వేసి, తిరగేసి బిగించాం. దాంతో హ్యాండిల్ దగ్గరకీ వచ్చింది, సుమారు 3 సెం.మీ. పైకీ లేచింది. లివర్లు కిందికి తిప్పాం, ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండేలా. టైర్లలో గాలి ముందు 50, వెనక 60కి తగ్గించాం. స్పాంజి తీసేసి, అరచేతి అడుగు ఆనడానికి రెక్కలా వెడల్పుగా ఉండే గ్రిప్పులు వేశాం. హ్యాండిల్ రెండు చివర్లా కొమ్ముల్లాంటి చిన్న బార్ ఎండ్స్ బిగించాం, చేతి పొజిషన్ మార్చుకోవడానికి ఇంకో చోటు ఉండాలని.

గ్లవ్స్ గురించి నా మాట. అవి పనికిరావని అనను, పల్చటి జెల్ ఒత్తిడిని కొంత తగ్గిస్తుంది. కానీ తిమ్మిరి వచ్చిందనగానే మొదట గ్లవ్స్ కొనిపించడం తప్పని గట్టిగా చెబుతాను. బరువు ఎక్కడినుంచి వస్తోందో చూడకుండా మెత్త పెడితే నరం మీద భారం ఉండిపోతుంది. కొన్ని గ్లవ్స్‌లో జెల్ దిండు సరిగ్గా నరం సందు మీదే ఉంటుంది, అది ఇంకా చేటు. వేసుకుని పిడికిలి బిగిస్తే చర్మం నొక్కుకోకూడదు. దిండు ఆ సందుకి రెండు వైపులా ఉండి మధ్యలో ఖాళీ ఉండాలి. ఈయనకి సైకిల్ సరిచేశాకే పల్చటివి ఇచ్చాం.

చేతికి చేసిన వైద్యం

మొదటి మూడు వారాలు హ్యాండిల్ పట్టడం పూర్తిగా మానిపించాను. ఆయన భయం షుగర్ పెరుగుతుందని. అందుకే క్లినిక్‌లో స్థిరంగా ఉండే సైకిల్ మీద నిటారుగా కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని తొక్కించాం. వ్యాయామం ఆగలేదు, షుగర్ అదుపు తప్పలేదు, చేతుల ఆసరా లేకుండా ఒంటిని నిలబెట్టే అలవాటు కూడా వచ్చింది.

రాత్రి మణికట్టు తిన్నగా ఉంచే పట్టీ. పగటి అలవాట్లు వెతికితే చాలా దొరికాయి. షాపులో గాజు కౌంటర్ అంచు మీద అరచేతి అడుగు ఆనించి నిలబడతారు. స్కూటీ నడిపేటప్పుడు యాక్సిలరేటర్ మీద అదే చోట ఒత్తిడి. అన్నిటికన్నా ముఖ్యం, రోజూ పొద్దున సూర్య నమస్కారాలు. వాటిలో చాలా భంగిమల్లో ఒళ్లంతా అరచేతి అడుగు మీద నిలుస్తుంది, మణికట్టు పూర్తిగా వెనక్కి వంగి. చేతికి మేలు చేస్తుందని ఆయన వాటి సంఖ్య పెంచారు కూడా. కొన్నాళ్లు ఆపమన్నాను. ఆ స్థానంలో మోచేతుల మీద ప్లాంక్, పడుకుని చేసే పొట్ట వ్యాయామాలు, నడుము నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగడం నేర్పాం. సైకిల్ మీద వంగాల్సింది తుంటి దగ్గర. వీపు గూనిగా వంగితే భుజాలు ముందుకొచ్చి మోచేతులు బిగుసుకుంటాయి, రోడ్డు కుదుపు నేరుగా మణికట్టుకి చేరుతుంది.

వేళ్లకి చిన్న వ్యాయామాలే. వేళ్ల మధ్య కాగితం పట్టుకోవడం, వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి విప్పడం, బట్టల క్లిప్పు బొటనవేలి పక్కతో నొక్కడం, ఇంట్లో చపాతీ పిండి ముద్ద పిసకడం. నరం కోలుకుంటున్న కండరాన్ని అలసిపోయేదాకా వాడకూడదు, కొద్దికొద్దిగా రోజులో చాలాసార్లు చేయాలి. నరాన్ని మెల్లగా జరిపే వ్యాయామాలు కూడా ఇచ్చాం, చేశాక తిమ్మిరి మిగిలిపోతే ఆపేయమని చెప్పి.

నాలుగో వారం నుంచి రోడ్డు మీదికి పంపాను. మొదట ఇరవై నిమిషాలు, తిన్నటి రోడ్డు, అదీ ఒక్కరే. గుంపుతో వెళితే ఆగాల్సిన చోట ఆగరు. ఆయనకి పెట్టిన నియమాలు కొన్నే. పది నిమిషాలకోసారి చేతి పొజిషన్ మార్చాలి, తిమ్మిరి వచ్చాక మార్చడం కాదు, రాకముందే. మోచేతులు కొద్దిగా వంచి ఉంచాలి. గ్రిప్పుని బిగించి పట్టుకోకూడదు. దిగాక అరగంటకి కూడా తిమ్మిరి ఉంటే తర్వాతి రైడు సగానికి తగ్గించాలి.

ఫలితం

ఆరో వారానికి కుడిచేతి పట్టు 7.5 కిలోలకి వచ్చింది, పన్నెండో వారానికి 9.5. కాగితం పరీక్షలో బొటనవేలు వంగడం తగ్గి, చివరికి పోయింది. చిటికెన వేలు అన్నం కలిపేటప్పుడు మిగతా వేళ్లతో కలుస్తోంది. మూడు నెలలకి మళ్లీ చేసిన నరాల వేగం పరీక్షలో ఆలస్యం చాలావరకు తగ్గింది. చిటికెన వేలి కొస మాత్రం ఇంకా కొంచెం మందంగా ఉంది. ఒత్తిడితో సంకేతం ఆగిన నరం, తీగ తెగకపోతే, కొన్ని వారాల నుంచి మూడు నెలల్లోపు తేరుకుంటుంది. తీగలే దెబ్బతింటే రోజుకి సుమారు ఒక మి.మీ. చొప్పున పెరగాలి, అందుకు చాలా నెలలు పడుతుంది. మనం ఎంత త్వరగా ఒత్తిడి తీస్తామన్నదాని మీదే ఈ తేడా చాలావరకు ఆధారపడుతుంది.

సైకిల్ మీద చేతికొచ్చే ప్రతి బాధా ఇది కాదు. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు మొద్దుబారితే, ముఖ్యంగా రాత్రి నిద్ర లేపితే, మధ్యలో వెళ్లే మీడియన్ నరాన్ని అనుమానించాలి. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లలో, గర్భిణుల్లో అది ఎక్కువ, సైకిల్ దాన్ని రేపుతుంది. చేతి వెనక కూడా మొద్దుబారితే మోచేయి, మెడ చూడాలి. బొటనవేలి మొదట్లో మణికట్టు పక్కన నొప్పి ఉంటే అది చాలావరకు స్నాయువు వాపు, గేరు లివర్ పొజిషన్ చూసుకోవాలి. కిందపడ్డాక అరచేతి చిటికెన వేలి వైపు నొప్పి తగ్గకపోతే కొక్కెం ఎముక విరిగిందేమో చూపించాలి, మామూలు ఎక్స్‌రేలో అది తప్పిపోవచ్చు. రెండు చేతులతో పాటు పాదాలు కూడా మొద్దుబారుతుంటే సైకిల్‌ని పక్కన పెట్టి షుగర్, బీ12 పరీక్షలకి వెళ్లాలి.

ఎవరికైనా రైడు తర్వాత రెండు మూడు రోజులు దాటినా తిమ్మిరి తగ్గకపోయినా, తిమ్మిరి లేకుండానే తాళం, గుండీ, కత్తెర పట్టు తప్పుతున్నా, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ పల్చబడ్డట్టు కనిపించినా ఆ వారంలోనే చూపించుకోవాలి. ఒత్తిడి తీశాక కూడా మూడు నెలల్లో బలం తిరిగి రాకపోతే, గ్యాంగ్లియన్ లాంటిది కనిపిస్తే, ఆపరేషన్ గురించి హ్యాండ్ సర్జన్‌తో మాట్లాడాల్సిందే. ఈయనకి ఆ అవసరం పడలేదు.

ఇప్పుడు ఆయన మళ్లీ భీమిలి దాకా వెళ్తున్నారు. సూర్య నమస్కారాలు పిడికిళ్ల మీద చేస్తున్నారు, మణికట్టు తిన్నగా ఉంచి. 300 కి.మీ. బీఆర్‌ఎం చేయాలని ఉందన్నారు, దానికి గడువు 20 గంటలు. ముందు 100, తర్వాత 150 కి.మీ. తొక్కి, దిగిన మర్నాడు క్లినిక్‌కి వచ్చి పట్టు కొలిపించుకోవాలని, కొలత తగ్గితే పేరు నమోదు చేసుకోకూడదని ఒప్పుకున్నాం. సీటు ఎత్తు, వెనక్కి జరిపిన చోటు, లివర్ల వంపు మూడింటికీ మార్కర్‌తో గీతలు పెట్టాం. రైడుకి ముందు వారం ఆ గీతల్ని ఎవరూ కదపకూడదు.